ఇరవై నిమిషాల సంద్రం

విజయనగరం,
4 ఫిబ్రవరి 2013

గంగరాజు మావయ్యకి, ఒక చేతిలో పెన్ను ఉండిపోయింది కాబట్టి రెండో చేత్తోనే నమస్కారం పెడుతూ నీ మేనల్లుడు జగన్నాధం రాస్తున్నాను.

నిన్న ఫోన్ చేశాను. "అమ్మకి నిద్ర పట్టడం లేదు మావా" అని నేను అరిస్తే, "పట్టినాయి, పట్టినాయి, వలకి కవళ్ళు బాగా పట్టినాయి" అని నువ్వు అంతకన్నా గట్టిగా అరిచావు. ముప్ఫై ఏళ్ళు బోటు ఇంజన్ల పక్కన పనిచేసిన చెవులు, వాటినేమీ అనలేం. అందుకే ఉత్తరం.

అమ్మ కాలు విరిగి మా ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. కట్టు విప్పేశారు. కర్ర పట్టుకుని వీధి గుమ్మం దాకా నడుస్తోంది. వేసవి వెళ్ళేదాకా ఆస్పత్రిలో వ్యాయామాలు చేయించాలట, అందాకా ఇక్కడే ఉండాలి. కాలు బాగానే ఉంది, నిద్రే లేదు. డాక్టరు మాత్రలిచ్చాడు. అవి వేసుకుని కూడా మెలకువగానే ఉన్నానంటుంది. నీ బాధేమిటమ్మా అంటే, "ఈ ఊళ్ళో సెవులకి తిండి నేదురా" అంది. అరవై ఆరేళ్ళు సముద్రం పక్కన పడుకున్న మనిషి. ఇక్కడ ఉన్నది ఫ్యాన్ చప్పుడూ, ఎదురింటి గ్రైండరూ.

నాకో ఆలోచన వచ్చింది. ఓడలో పనిచేసే మన యుగంధర్ బావ తెచ్చి నీకిచ్చిన హెచ్.డి. కెమెరా ఉంది కదా. దానితో మన సముద్రాన్ని ఒక గంట సేపు తీసి, నీ కంప్యూటర్లోకి ఎక్కించి, బ్లూ రే డిస్కు ఒకటి కొని, దాని మీద బర్న్ చేసి పంపు. మామూలు సీడీ వద్దు. మొన్న ఒకటి తెచ్చి చూపిస్తే అమ్మ కళ్ళు చిట్లించి, "ఇది సంద్రం కాదు, గంజి" అంది. మా ఇంట్లో ఇప్పుడు పెద్ద టీవీ, బ్లూ రే ప్లేయరూ ఉన్నాయి. పని చాలా తేలిక. కంప్యూటర్లలో పీజీడీసీఏ చేసినవాణ్ణి చెబుతున్నాను.

అమ్మ కోసం నీ మీదే ఆశ పెట్టుకున్న,
జగన్నాధం

తా.క.: బర్న్ చెయ్యడం అంటే కాల్చడం కాదు. తాయారు అత్తకి కూడా చెప్పు. ముఖ్యంగా తాయారు అత్తకి చెప్పు.


కళింగపట్నం,
11 ఫిబ్రవరి

ఒరే అల్లుడూ, దీవెనలు వేరే కవర్లో పెడితే ఇంకో స్టాంపు అంటించాల, అందుకే ఇందులోనే పెట్టీసాను, తీసుకో.

మీ అమ్మకి, మా అప్పకి నిద్ర నేదని సదివాక నాకు అన్నం సహించనేదు. మా అమ్మ సేపల గంప ఎత్తుకుని ఊళ్ళ మీదకెల్తే నన్ను పెంచింది అప్పే కదా. నన్ను ఇసకలో పడుకోబెట్టి "సంద్రం కత సెప్తంది, ఇను" అనీది. ఇంటా ఇంటా నిద్రపోయీవోణ్ణి.

మర్నాడు తెల్లారీసరికి కెమెరా అట్టుకుని వంశధార మొగ కాడికెల్లాను. ఏటి నీరూ సంద్రం నీరూ కలిసిన సోట ఒక గీత ఉంటాది సూడు, ఇటు మట్టి రంగు, అటు పచ్చ. ఆ పొద్దున్న ఆ గీత ఒక సోట నిలబడ్డం నేదు. నిద్రలో మనిషి పక్క మార్చినట్టు మెల్లగ ఇటూ అటూ తిరగతన్నాది. పెద్ద అల వచ్చీ ముందు సంద్రం ఒకపాలి ఊపిరి బిగపడతాది. అప్పుడు ఇసకలో చిన్న ఎండ్రకాయలు కూడా ఆగిపోతాయి. తరవాత అల ఇరిగి, తెల్లగ పరుసుకుని, ఎనక్కి ఎల్తా ఎల్తా గవ్వలన్నిట్నీ గలగలలాడించుకుని పోతాది. నాకు వినపడదు గాని అరికాలికి తెలస్తాది. మద్దిలో ఒక కుక్క వచ్చి కెమెరాకేసి సూసి ఎలిపోయినాది. అది కూడా వచ్చినాది అందులో.

మర్నాడు డిస్కు కోసం శ్రీకాకుళం ఎల్లాను. ఒక పెద్ద సీడీల కొట్టుకెళ్ళి "బాబూ, బ్లూ డిస్కు ఉన్నాదా" అని మెల్లగ అడిగాను. నాకు మెల్లగయినది లోకానికి గట్టిగుంటాదని నీకు తెలుసు కదా. కొట్లో ఉన్న పది మందీ ఇటు తిరిగారు. కొట్టు మనిషి దగ్గరకొచ్చి, "ముసలోడా, ఈ వయసులో నీకిదేటి" అన్నాడు. వినపడకపోయినా పెదాలు సదవగల్ను నాను. "నాకు కాదు బాబూ, మా అప్పకి. అరవయ్యారేళ్ళు. ఇది సూస్తేగాని నిద్రపట్టదు" అన్నాను. అప్పుడు పది మందీ బయటికెలిపోయారు. కొట్టు మనిషి నాకు కూడా గుమ్మం సూపించాడు.

మన ఊరి రిటైరు మేస్టరు నరసింగరావు గారు ఆ కొట్లోనే భక్తి పాటలు సూస్తన్నారు. నాకన్నా ముందు బస్సెక్కి ఊరు సేరారు.

ఇట్లు, ఏ తప్పూ సెయ్యని మీ మావ,
గంగరాజు

తా.క.: మీ అత్త నాతో మాటాడ్డం మానీసి రెండు రోజులైనాదట. నాకు ఇయాలే తెలిసినాది.


విజయనగరం,
16 ఫిబ్రవరి

మావయ్యకి, నవ్వు ఆగాక నమస్కారం.

తప్పు నాదే. "బ్లూ రే" అని పూర్తిగా అడగమని రాయాల్సింది. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాను. నీ కంప్యూటరు ఏనాటిదో మరచిపోయాను. గార ఊళ్ళో మూసేసిన నెట్ సెంటర్లో కొన్నది కదా అది. అందులో ఉన్నది మామూలు డీవీడీ రైటరే. బ్లూ రే డిస్కు దొరికినా దానికి రాయడం చేతకాదు.

కంగారుపడకు, దారి ఉంది. హెచ్.డి. వీడియోనే మామూలు డీవీడీ మీద, బ్లూ రేలో ఉండే వరసలో రాయొచ్చు. మా ప్లేయరు దాన్ని బ్లూ రే అనుకుని చూపిస్తుంది. కాకపోతే గంట సముద్రం పట్టదు. అరగంటకి కొయ్యి. దానికి కావలసిన ప్రోగ్రాం ఈ ఉత్తరంతో పంపే సీడీలో ఉంది. ఎక్కించి, వీడియో చూపించి, బర్న్ అన్న చోట నొక్కడమే. నీ కంప్యూటర్లో వేసి చూస్తే బొమ్మ ఆగి ఆగి వస్తుంది, దాని శక్తి అంతే. డిస్కు మీద బాగానే ఉంటుంది.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. కొట్టు దగ్గర భాగానికి మా ఆవిడ ఈశ్వరి వంటింట్లోకి పారిపోయి నవ్వింది. అమ్మ మాత్రం ఆ మొగ దగ్గర గీత భాగం మూడుసార్లు చదివించుకుంది. రెండోసారికే కళ్ళు మూసుకుంది. కాలు సలుపుతోందేమోనని ఆపబోతే "ఊఁ" అంది, మళ్ళీ చదివాను. పొద్దున్న అడిగితే "రెప్ప వెయ్యనేదురా" అంది. జాలేసింది. త్వరగా డిస్కు పంపు మావా.

ఇట్లు, పీజీడీసీఏ,
జగన్నాధం

తా.క.: అత్తకి వేరే కాగితం మీద సంజాయిషీ రాసి పంపుతున్నాను. గౌరవంగా ఉంటుందని కింద మా జూట్ మిల్లు రబ్బరు స్టాంపు వేశాను.


కళింగపట్నం,
2 మార్చి

అల్లుడూ జగన్నాధం, నువ్వూ ఈశ్వరీ సల్లగుండాల. స్టాంపు బాగా పనిసేసినాది. మీ అత్త ఆ కాగితాన్ని నరసింగరావు మేస్టారి ఇంటికి తీసుకెళ్ళి, ఆయన సేతే పైకి సదివించి వచ్చినాది.

సంద్రాన్ని అరగంటకి కొయ్యమన్నావు. కూకున్నాను. ఎక్కడ కొయ్యాల సెప్పు? అల వస్తన్నపుడు కోస్తే అది ఒడ్డు సేరకండా ఉండిపోతాది. ఎల్తన్నపుడు కోస్తే అప్పటికే ఇంకోటి బయల్దేరి ఉంటాది. ఒకదాని కొంగు అట్టుకుని ఇంకోటి వస్తన్నాయి. మూడు రోజులు సూసాను. సూస్తా సూస్తా కుర్చీలోనే తూగి, కల కన్నాను. కలలోనూ అదే సంద్రం. కాకపోతే కలలో దానికి హోరు ఉన్నాది. నాన్న తెప్ప నీళ్ళలోకి తోసినపుడు కర్రలు కిర్రుమన్నది కూడా వినపడినాది. లెగిసి సూస్తే అంతా నిశ్శబ్దం, తెర మీద అల ఒకటి ఆగిపోయి ఉన్నాది. ఆఖరికి కుక్క ఎలిపోయిన కాడ కోసాను. అక్కడ ఒక నిమిషం పాటు అలే నేదు. సంద్రం కూడా దాన్నే సూస్తా ఉండిపోయినట్టున్నాది.

తరవాత బర్న్ పెట్టాను. నూటికి తొంభై ఎనిమిది దాకా ఎల్లి ఆగిపోయినాది, తీరం కనపడ్డాక డీజిల్ అయిపోయినట్టు. కంప్యూటరు మీద సెయ్యేస్తే కాలిపోతన్నాది. మూత ఇప్పాను. ఫ్యాన్ రెక్కల నిండా ఉప్పూ, బూజూ, ఒక బల్లి గుడ్డు. అంతా తుడిసి చుక్క నూని ఏసాను. ఆయాసం తగ్గినాది గాని మళ్ళీ తొంభై ఎనిమిదే. ఇంకోటి పెట్టాను. తొంభై ఎనిమిది. అలగ తొమ్మిది డిస్కులు పోయినాయి.

పోయినవాటిని మీ అత్త దారానికి గుచ్చి, నెత్తళ్ళ సేపలు ఎండబెట్టిన కాడ కట్టినాది. ఎండకి అవి తిరగతంటే ఇసక మీద ఏడు రంగులూ ఈదతన్నాయి. కాకులు దడుసుకుని లైటుహౌసు మీదకెలిపోయినాయి. ఊళ్ళో జనం సూడ్డానికొస్తన్నారు. నాను కూడా అక్కడే కూకుని సాయంత్రం దాకా సూస్తన్నాను. డిస్కులో సంద్రం పట్టకపోయినా దాని మీద మెరుపు మాత్రం సంద్రం మీద మెరుపులాగే ఉన్నాదిరా.

ఇట్లు, తొంభై ఎనిమిది కాడ నిలబడిపోయిన
మీ మావ గంగరాజు

తా.క.: పక్కింటి సుభద్రమ్మ తన సేపలకి కూడా ఇంకో పది పాడుసెయ్యమని అడిగినాది. మా జగన్నాధం సెప్పినట్టు సేస్తే తప్పకండా పాడవుతాయని మాటిచ్చాను.


విజయనగరం,
7 మార్చి

మావయ్యకి, తాయారు అత్తకి, సుభద్రమ్మ గారికి కూడా నమస్కారాలు.

నీ తా.క. అమ్మకి చదవకుండా దాటేద్దామనుకున్నాను. కానీ ఆవిడ ఇప్పుడు కాగితం అటూ ఇటూ తిప్పి, "అడుగున ఇంకా ఏదో ఉన్నాది, సదువు" అంటోంది.

జబ్బు ఎక్కడుందో కనిపెట్టాను. మిల్లులో మా కంప్యూటర్ల నవీన్‌ని అడిగానులే, దాచడం ఎందుకు. నీ హార్డ్ డిస్కుని పాతకాలం పద్ధతిలో తయారుచేశారు. నాలుగు జీబీ దాటిన ఒక్క ఫైలు అందులో పట్టదు. నువ్వు అరగంట సముద్రం పెట్టేసరికి నాలుగు దాటుతోంది. చివరికొచ్చి ఆగిపోతోంది. అరగంట అని చెప్పింది నేనే. ఒప్పుకుంటున్నాను.

ఇరవై నిమిషాలకి కొయ్యి. నేరుగా బర్న్ చెయ్యకు. ముందు ఇమేజ్ తయారుచేసుకుని, అది సరిగ్గా వచ్చాక దాన్ని డిస్కు మీదకి ఎక్కించు. వేగం అన్న చోట అన్నిటికన్నా తక్కువ అంకె పెట్టు. అది నడుస్తున్నంతసేపూ కంప్యూటర్లో ఇంకేదీ తెరవకు. కరెంటు పోకుండా చూసుకో. పంపే ముందు బొమ్మా సౌండూ రెండూ సరిచూడు. నీకు వినపడదు కనక సౌండు అత్త చేత చూపించు.

అమ్మ రోజూ పోస్టుమేన్ వచ్చేవేళకి కర్ర పట్టుకుని గుమ్మంలో కూర్చుంటోంది. "మీ మావ కాడి నించి వచ్చినాదేటి" అని అడుగుతుంది. డిస్కు కోసం ఎంత తపించిపోతోందో చూడు. నీ కల భాగం ఎన్నిసార్లు చదివానో లెక్కే లేదు. నాకు కంఠతా వచ్చేసింది. చదువుతుంటే కళ్ళు మూసుకుని అటు తిరిగిపోతుంది. డిస్కు రాలేదని అలక అనుకుంటాను. పొద్దున్నే మళ్ళీ అదే మాట, "రెప్ప వెయ్యనేదు."

ఇట్లు, సగం పీజీడీసీఏ, సగం నవీన్,
జగన్నాధం

తా.క.: విచిత్రమేమిటంటే నిద్ర లేని మనిషి ఈ నెల్లో మూడు కేజీలు పెరిగింది. డాక్టరు వాపేమో అంటున్నాడు.


కళింగపట్నం,
19 మార్చి

అల్లుడూ, ఒంటి సేత్తో కాదు, రెండు సేతుల్తో దీవించి రాస్తన్నాను. అయినాది! నూటికి నూరూ అయినాది!

ముందు వేపు పది నిమిషాలు కోసీసి సంద్రాన్ని ఇరవై సేసాను, కుక్కని ఉంచీసాను. తరవాత నువ్వు ఇమేజ్ తయారుసేసుకోమన్నావు. ఇమేజ్ అంటే ఫోటో అని నాకు తెలుసు. డిస్కుకీ ఫోటోకీ సమ్మందం ఏటో తెలీనేదు గాని సదువుకున్నోడివి సెప్పావు కదా అనీసి, మీ అత్తకి పట్టు సీర కట్టించి గారలో స్టూడియోకి తీసుకెల్లాను. పెళ్ళయ్యాక ఇద్దరం కలిసి ఫోటో దిగడం ఇదే. ఫోటోవోడు ఆమెని నవ్వమంటే నవ్వనేదు. నాను జేబులోంచి నీ స్టాంపు కాగితం తీసి సూపించాను. అప్పుడు నవ్వినాది. ఇంటికొచ్చి సూస్తే ఇమేజ్ అన్న మీట కంప్యూటర్లోనే ఉన్నాది. అది కూడా నొక్కాను. రెండు ఇమేజ్‌లూ బాగా వచ్చినాయి. ఫోటో ఇందులో పెడతన్నాను.

బర్న్ పెట్టిన రోజు ఊరికి కరెంటు నేదు. బోటు బేటరీలు రెండు మోసుకొచ్చి ఇన్వర్టరుకి తగిలించాను. మీ అత్త సీపురు అట్టుకుని గుమ్మంలో నిలబడినాది, ఎవరూ లోపలికొచ్చి దేన్నీ ముట్టకండా. అన్నిటికన్నా తక్కువ అంకె పెట్టాను కదా, అది మెల్లగ, బాగా మెల్లగ ఎల్తన్నాది. పొద్దున్నే గాలి నేనపుడు తెరసాప దించేసి పడవని నీటికే వదిలేస్తాం సూడు, అలగ. నాను కుర్చీలో, మీ అత్త గుమ్మంలో, మద్దిలో ఆ చిన్న పచ్చ దీపం. బతుకులో ఇంత నెమ్మదిగ కూకున్నది ఎప్పుడో గేపకం నేదు.

తొంభై ఎనిమిది కాడ మీ అత్త దండం పెట్టినాది. దాటీసినాది.

నువ్వు సెప్పినట్టు సరిసూసాం. కంప్యూటర్లో బొమ్మ నత్తి కొడతన్నాది, నువ్వన్నావు కదా. సౌండు మీ అత్త కళ్ళు మూసుకుని శ్రద్ధగా ఇన్నాది. "బొమ్మ ఆగతంది గాని సౌండు ఎక్కడా తెగనేదయ్యా, అచ్చం సంద్రం ఎదురుగుండా ఉన్నట్టే ఉంది" అంది. అది సాలు నాకు.

అప్పని సూపించి, ఎలగుందో రాయి.

ఇట్లు, నూటికి నూరు,
గంగరాజు

తా.క.: పాడైన డిస్కులు అయిపోయినాయని ఊళ్ళో కొంతమందికి మనసు బాగోనేదు. సుభద్రమ్మ నాతో మాటాడ్డం మానీసినాది. ఈపాలి ఎంటనే తెలిసినాది, మీ అత్త సెప్పినాది.


విజయనగరం,
25 మార్చి

మావయ్యకి నమస్కారం.

ఎలా రాయాలో తెలియడం లేదు. డిస్కు శనివారం అందింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీ తెరలు వేసి, డిస్కు పెట్టాను. ప్లేయరు ఒక్క క్షణం ఆలోచించి తీసుకుంది.

మావా, ఆ బొమ్మ గురించి ఏం చెప్పను. నీళ్ళు టీవీలోంచి గచ్చు మీదకి వచ్చేస్తాయేమోనని ఈశ్వరి చాప మడిచేసింది. ఆమెది రామతీర్థం పక్కన పొలాల ఊరు కదా, సముద్రాన్ని అంత దగ్గరగా చూడలేదు. నువ్వు రాసిన గీత కనిపించింది. నురుగులో ఒక్కొక్క బుడగా కనిపించింది. కుక్క కనిపించింది. దాని మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు.

సౌండు లేదు.

సున్నా. నేను రిమోట్ నొక్కి నొక్కి వంద దాకా పెంచాను. వైర్లు మార్చాను. ప్లేయరు పాడైందేమోనని డిస్కు తీసి వార్తలు పెట్టాను. వంద మీద ఉన్న సంగతి మరచిపోయాను. ఎదురింటివాళ్ళు వీధిలోకి వచ్చేశారు. ప్లేయరు బాగుంది, టీవీ బాగుంది. నవీన్‌కి చూపించాను. నువ్వు తీసిన వీడియోలోనే సౌండు లేదన్నాడు. మరి అత్తకి ఎలా వినిపించింది?

అమ్మ కాసేపు చూసి, మంచం ఎక్కి, గోడవైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి. నాకు దగ్గరకి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు.

ఏం చెయ్యాలో తోచని,
జగన్నాధం

తా.క.: ఈసారి తా.క. లేదు.


కళింగపట్నం,
30 మార్చి

అల్లుడూ,

నీ ఉత్తరం సదివి మీ అత్తని నిలదీసాను. "ఆ రోజు నీకు సంద్రం హోరు వినపడిందా నేదా, నిజం సెప్పు" అన్నాను. "ఎందుకు వినపడనేదు, శుబ్బరంగా వినపడినాది. ఇపుడూ వినపడతంది" అంది. కంప్యూటరు ఆపేసి ఉన్నాది.

ఇద్దరం ఒకరి మొకం ఒకరు సూసుకున్నాం. కిటికీ తీసి ఉన్నాది. కిటికీలోంచి సంద్రం కనపడతంది. సూసావా, ఈ ఇంట్లో ఇన్నేళ్ళు బతికినోళ్ళకి ఏది డిస్కో ఏది సంద్రమో ఎలగ తెలస్తాది? తలుపులన్నీ మూసి, కంప్యూటర్లో ఉన్నదాన్ని మళ్ళీ పెట్టాం. ఐనా వినపడతందంటాది. ఆఖరికి, అక్కడ సంద్రం వినపడదని, నౌపడలో తన సెల్లెలింటికి కంప్యూటరు అట్టుకెల్దామంది. నానే వద్దన్నాను.

తప్పు నాదే. కెమెరా తెచ్చిన కొత్తలో, ఉప్పుగాలి లోపలికి పోతే ఇంజను పాడవుతాదని దాని మీద ఉన్న చిల్లులన్నిటికీ నల్ల టేపు అంటించాను. బోటు మీద స్విచ్చులకి అలగే సేస్తాం. అందులో ఒక చిల్లు దాని సెవి అని నాకు తెలీదు. నాలాటిదాన్నే సేసీసాను దాన్ని కూడా.

ఒక మాట రాస్తాను, నవ్వకు. నాను ఆ బొమ్మని ఎన్నిపాల్లు సూసానో. ఒక్కపాలి కూడా ఏదో తక్కువైనాదని నాకు అనిపించనేదు. పదకొండేళ్ళై నా సంద్రం అలగే ఉంటాది. వస్తాది, ఇరుగుతాది, ఎల్తాది, మాట మాత్రం ఆడదు. మొదట్లో కోపం వచ్చీది. తరవాత అలవాటైనాది. పుట్టినకాడి నించి ఇన్న మనిషికి అలాటి సంద్రం పంపీసాను సూడు, అదీ నా బాద.

అప్ప ఏడిసిందని రాసావు. టేపు పీకీసాను. మళ్ళీ తీస్తాను. ఎన్ని డిస్కులు పోయినా సరే. ఆవిడకి మాత్రం ఈ ఉత్తరం సదవకు.

ఇట్లు,
మీ మావ

తా.క.: మళ్ళీ తీస్తన్నానని తెలిసి సుభద్రమ్మ మాటాడతంది.


విజయనగరం,
6 ఏప్రిల్

తమ్ముడా గంగా, మీ అప్ప చిన్నతల్లి సెప్తంటే కోడలు ఈశ్వరి రాస్తంది. జగన్నాధం మిల్లుకెల్లాడు. మద్దేనం ఇంట్లో మేమిద్దరమే. ఇందులో రాసింది ఆడికి సెప్పకు.

నాకు సదవొద్దన్న ఉత్తరం కూడా సదివించుకున్నాను. ఆడు దాసిన సోటు ఈశ్వరికి తెలుసు.

ముందు నువ్వు ఏడుపు ఆపు. నానేడవనేదు. గోడకేసి తిరిగింది నవ్వాపుకోలేక. ఆ డిస్కులో సప్పుడు నేదని తెలిసిన నిమిషాన్నే, మన తాయారు కళ్ళు మూసుకుని కిటికీలో సంద్రాన్ని ఇని "బాగుంది" అని ఉంటాదని నాకు తెలిసిపోయింది. దాని మొకం కళ్ళకి కట్టింది. ఆడు పాపం అంత బాదలో ఉంటే ఎదురుగుండా నవ్వనేను కదా.

ఇంక అసలు సంగతి. నాకు నిద్ర పట్టడం నేదన్నది నిజమే, మాగ మాసం దాకా. నువ్వు మొగ కాడి గీత గురించి రాసిన ఉత్తరం వచ్చినాది. ఆడు రెండోపాలి సదవతంటే నాకు కళ్ళు మూతలు పడినాయి. అంత నిద్ర నా పెళ్ళైన కాడి నించి పోనేదు. పొద్దున్నే ఆడొచ్చి "పట్టిందా అమ్మా" అన్నాడు. పట్టిందంటే ఏటవుద్ది? నువ్వు రాయడం మానీస్తావు. "రెప్ప వెయ్యనేదు" అన్నాను. అప్పటి నించి రోజూ నిద్రపోతన్నాను, రోజూ అబద్దం ఆడతన్నాను. మాత్రలు బంతి మొక్కల్లో ఏస్తన్నాను. ఈ ఏడు బంతిపూలు బాగా పూసినాయి గాని మద్దేనానికే వాలిపోతన్నాయి.

మన ఇళ్ళకి మద్దిన ఒక్క గోడే కదరా. నీ సెవులు పోయాక నీతో మాటాడి ఎన్నాళ్ళైందో లెక్క సూసుకున్నాను. "తిన్నావా", "వల ఎండిందా", "జరం తగ్గిందా". సేత్తో సైగ సేసి సెప్పగలిగినవే. అరవలేక నానూ, అడగలేక నువ్వూ, పదకొండేళ్ళు గడిపీసాం. నీ లోపల ఇంత సంద్రం ఉన్నాదని నాకెలగ తెలస్తాది? కలలో నాన్న తెప్ప కిర్రుమంది అని రాసావు. నాకూ ఆ సప్పుడు గేపకం వచ్చింది. నాన్న ఎలిపోయాక దాని గురించి నువ్వూ నానూ ఒక్క మాటైనా అనుకోనేదు.

డిస్కు రోజూ ఏయించుకుని సూస్తన్నాను. మంచి డిస్కే. నువ్వు ఏ సంద్రాన్ని సూస్తన్నావో ఇన్నాళ్ళకి నాకు తెలిసింది. దానికి సప్పుడు పెట్టకు. నాకు నువ్వు రాయి. కాలు బాగై ఊరొచ్చీసినా రాయి. గోడ మీంచి అందిస్తే పోస్టుమేన్ కూడా అక్కర్నేదు.

కలలో తెప్ప అన్నావు కదా, అది సదివిన కాడి నించి నాకు ఒక రోజు పదే పదే గుర్తొస్తంది. నీకు ఆరేళ్ళుంటాయి. నాన్న తెప్ప రానేదు. అన్ని తెప్పలూ వచ్చీసినాయి, మనదే రానేదు. నిన్ను సంకనెత్తుకుని లైటుహౌసు కాడ నిలబడ్డాను. పొద్దు వాలిపోతంది. నీళ్ళు బంగారం రంగు. నువ్వు నా మెడ మీద తలానించి, "అప్పా, అదేటి" అన్నావు. అప్పుడు దూరంగా, ఆ బంగారం మద్దిలోంచి, మెల్లగ... ఒక...

తా.క.: బాబాయ్ గారికి నమస్కారం. ఇది ఈశ్వరి సొంతంగా రాస్తున్నది. అత్తయ్య గారు ఇక్కడిదాకా చెప్పి నిద్రపోయారు. రెండుసార్లు మెల్లగా పిలిచాను, పలకలేదు. హాయిగా గురక పెడుతున్నారు. మీ అల్లుడు వచ్చేలోగా ఈ ఉత్తరం డబ్బాలో వెయ్యాలి. ఆయన మీకోసం సౌండు సరిచేసే పద్ధతి ఏడు పేజీలు రాస్తున్నారు. రానివ్వండి, ఆ పని మీద సంతోషంగా ఉన్నారు. నా మనవి ఒక్కటే. లేచాక అడిగితే అత్తయ్య గారు "ఎక్కడిదాకా సెప్పాను" అని మళ్ళీ మొదట్నించి మొదలుపెట్టి, సరిగ్గా అక్కడే నిద్రపోతున్నారు. ఇది మూడో మధ్యాహ్నం. ఆ దూరంగా కనిపించింది ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. దయచేసి తిరుగు టపాలో రాయండి. మూడు రోజులై ఇంట్లో నిద్ర పట్టనిది నాకే.